బండి బయలుదేరుటకు అనుమతి

తెర మీది ఫొటోలో, మెడలోని బంగారు గొలుసును జాగ్రత్తగా దాటి, ఎడమ చెవి చుట్టూ మెల్లగా గీత తిప్పుకుంటూ వస్తున్నాడు ఏలియా. తంటా అంతా చెవి దగ్గరే. జుట్టుకు రంగేసుకునే నాయకులతో అయితే మరీ కష్టం. తల నలుపు ఎక్కడ ఆగిందో, వెనకున్న చీకటి ఎక్కడ మొదలైందో ఒక పట్టాన తెలియదు. గీత పూర్తయ్యాక మీట నొక్కాడు. వెనకున్న ఫంక్షన్ హాలు, పక్కన పళ్లికిలిస్తున్న బావమరిది, భుజం మీద ఎవరిదో చెయ్యి, అన్నీ మాయమై తల ఒక్కటే మిగిలింది. దాన్ని ఎత్తి సూర్యకిరణాల బొమ్మ మీద పెట్టి, కింద జన్మదిన శుభాకాంక్షలు అని కొట్టాడు.

హన్మకొండ చౌరస్తా పక్క సందులో రమాకాంత్ ఫ్లెక్సీ దుకాణం. అందులో ఏలియా చేరి పన్నెండేళ్లు దాటింది. ఊళ్లో ఏ కూడలిలో తలెత్తి చూసినా అతను కత్తిరించిన తల ఒకటి కనబడుతుంది. పుట్టినరోజులు, చీరకట్టు ఫంక్షన్లు, దశదినకర్మలు, బోనాలు, క్రిస్మస్, అన్నీ అతని చేతి మీదుగానే పోతాయి. నలభై నాలుగేళ్ల మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కళ్లద్దాల కాడ విరిగితే ఫ్లెక్సీ అంటించే టేపే చుట్టుకున్నాడు. మౌసు పట్టీ పట్టీ కుడి మణికట్టు కింద కాయ కాసింది. నోట్లో నాలుక లేనివాడని అంటారే, ఆ కోవ మనిషి.

కానీ ఏం పని చేస్తావని అడిగితే మాత్రం ఫ్లెక్సీలు అనడు. కాసేపు తటపటాయించి, "సిగ్నల్స్ పెడ్త" అంటాడు. అడిగినవాళ్లు ఏ ట్రాఫిక్ సిగ్నళ్లో అనుకుని ఊరుకుంటారు. అతనూ విడమరిచి చెప్పడు. చెప్పీ చెప్పీ విసిగిపోయాడు పాపం. మనమే చెప్పుకోవాలి.

కంప్యూటర్లో రైలు నడిపే ఆట ఒకటుంది. పరదేశం వాళ్లు చేసింది. పిల్లల ఆట కాదు. రైలంటే పిచ్చి ఉన్న పెద్దవాళ్లు, ఇంట్లో తిట్లు తింటూ ఆడుకునే ఆట. అందులో మన లైన్లు ఉండవు. మనవాళ్లే కొందరు తీరిక చేసుకుని సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా పట్టాలు వేసుకున్నారు. పట్టాలైతే పడ్డాయి గానీ వాటి పక్కన పరదేశపు సిగ్నళ్లే నిలబడ్డాయి. అది చూసి ఏలియా ఊరుకోలేకపోయాడు. అప్పుడు మొదలుపెట్టాడు 'క్యాబిన్' అనే సాధనాన్ని. ఇక్కడి నుంచి ఇక్కడికి అని చూపిస్తే చాలు, మన సిగ్నళ్లను మన దూరాల్లో అదే పాతుకుంటూ పోతుంది. స్టేషన్ల పేర్లు మూడు భాషల్లో రాస్తుంది. ఆడేటప్పుడు పక్కన తెరిచి ఉంచుకుంటే, ఏ బండికి ఏ దీపం వెలగాలో కూడా అదే చూసుకుంటుంది.

ఏలియా తండ్రి రఘునాథపల్లి దగ్గర పట్టాల గ్యాంగులో సుత్తి పట్టి పట్టి పోయాడు. కొడుకు వయసు దాటేదాకా రైల్వే పరీక్ష రాయని ఏడు లేదు. రాలేదు. దూరవిద్యలో ఎమ్సీయే చదివాడు. దానికీ ఉద్యోగం రాలేదు. ఆ రెండు రాకపోవడాలూ కలిసి క్యాబిన్ అయింది.

అది కావలసినవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఎంతమంది? అందరినీ పిలిచి ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెడితే వెనక కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అయినా వాళ్ల ఫోన్ గుంపు మాత్రం రోజంతా మోగుతూనే ఉంటుంది. అన్నా నువ్వు దేవుడివన్నా అని దండాలు పెడతారు. ఆ దండాల కిందే, పాత రెక్కల సిగ్నళ్లు ఎప్పుడు పెడుతున్నావన్నా, దసరాలోపు అయిపోతుందా అని అడుగుతారు. నలుగురు కలిసి కొంచెం సాయం పడితే అవుతుందని ఒకసారి రాశాడు. ఆ రోజు గుంపులో చీమ చిటుక్కుమంటే ఒట్టు. ఆ వారమే ఒకడు క్యాబిన్‌ను తన పేరు పెట్టుకుని అమ్ముకున్నాడు.

విరాళాలు పోగుచేసే పరదేశీ వెబ్‌సైట్లో పెడితే గడువు ముగిసేనాటికి వచ్చింది ఒకే ఒకడి సొమ్ము. అది కూడా నియమం ప్రకారం వాడికే తిరిగి పోయింది. కొత్త కంపెనీలకు పెట్టుబడి ఇప్పిస్తామనే ఆఫీసుకు కాళ్లరిగేలా తిరిగాడు. అక్కడి కుర్రాడు చల్లటి గదిలో కూర్చోబెట్టి, మంచి కాఫీ ఇచ్చి, "అన్నా, ఇది పెద్దగెట్ల అయితది?" అని అడిగాడు. ఏలియా నిజాయితీగా ఆలోచించి, "కాదు" అన్నాడు. కాఫీ తాగి వచ్చేశాడు.

ఇది చాలదన్నట్టు, ఆ పరదేశం వాళ్లు నాలుగు నెలలకోసారి ఆటను మారుస్తారు. వాళ్లకు అది ముస్తాబు. ఇతనికి కొంప మునగడం. ఆట మారిన ప్రతిసారీ క్యాబిన్ చచ్చిపోతుంది. దుకాణం నుంచి వచ్చి, అన్నం తిని, మళ్లీ మొదటి నుంచి దానికి ప్రాణం పోయాలి. మూడు రోజుల కింద మళ్లీ మార్చారు. ఈసారి మార్పు మామూలుది కాదు, క్యాబిన్ ఎవరి కంప్యూటర్లోనూ అసలు తెరుచుకోవడమే లేదు. బాగుచేయాలంటే నెలల పని.

సరిగ్గా ఇప్పుడే రమాకాంత్‌కు రాత్రిపూట ఫ్లెక్సీలు అచ్చేసే మిషన్ మీద మనిషి అవసరం పడ్డాడు.

"అన్నా, పొద్దుమీకెదాంక చెప్పాలె మరి" అన్నాడు రమాకాంత్, పొద్దున షట్టర్ ఎత్తుతూనే. ఏలియా కన్నా చిన్నవాడు. మంచివాడే, తొందర మనిషి. "నువ్వైతే నాకు ఫికర్ ఉండది. లేదంటవా, మరిపెడ పిలగాడు ఒకడున్నడు, ఆన్ని రమ్మంట. పగటిపూట డిజైన్ పని సగం చేస్తె సాలు నువ్వు, రాత్రికి మిషన్ చూస్కో. జీతం గూడ మంచిగనే పెరుగుతది."

"చెప్త సేటూ" అన్నాడు ఏలియా.

జీతం సంగతి కాదు, ఇంట్లో రెబెకా సంగతి. అతని భార్య ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. పగటి డ్యూటీ జీతం చాలక వారానికి నాలుగు రాత్రులు కూడా చేస్తుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చులు అలాగే ఉంటాయి. ఆమె ఎన్నడూ క్యాబిన్‌ను మూసెయ్యమని అనలేదు. నిన్న రాత్రి మాత్రం, డ్యూటీకి పోతూ తలుపు దగ్గర ఆగి, గొంతు పెంచకుండా ఒక మాట అంది.

"నువ్వు గా మిషన్ పని తీసుకుంటె నేను నైటు మానుకుంట. ఇంట్లె ఒక్కరి నిద్రన్న మిగుల్తది."

ఆ మాటకు ఎదురుగా నిలబెట్టుకోవడానికి ఏలియాకు ఇంకెవరూ లేరు. ఉన్నదల్లా యాకమ్మ.

యాకమ్మ ఎవరంటే అతనికీ తెలియదు. సాయం అడిగినా ఎవరూ పలకడం లేదని, ఏడాదిన్నర కింద క్యాబిన్ తెరవగానే ఒక పెట్టె వచ్చేలా చేశాడు. ఉత్త విరాళం అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందని, కాస్త సరదాగా రైల్వే భాషలో రాశాడు. 'బండి బయలుదేరుటకు అనుమతి: ఇరవై రూపాయలు.' కింద ఫోనుతో కొట్టే గళ్ల బొమ్మ, మూలన చిన్న అక్షరాల్లో 'తర్వాత' అన్న మీట. అందరూ 'తర్వాత' నొక్కి బండి ఎక్కారు. ఒక్క యాకమ్మ మాత్రం రోజూ ఇరవై రూపాయలు కొడుతుంది. పొద్దున ఏలియా పళ్లు తోముకునే వేళకు ఫోను టింగుమంటుంది. ఆదివారం లేదు, పండుగ లేదు.

"మీ యాకమ్మ లేసింది" అని రెబెకా వేళాకోళం చేసేది మొదట్లో. "ఎవరో గానీ బంగారు తల్లి. నాకన్న ముందు నిన్ను తల్సుకుంటాంది."

నవ్వేవాడు ఏలియా. కానీ లోపల ఆ టింగుమనే చప్పుడు కోసమే కాచుకుని ఉండేవాడు. ఆ ఇరవై రూపాయలతో నెట్ బిల్లు కూడా పూర్తిగా రాదు, అది వేరే సంగతి. ఎక్కడో ఒక మనిషి రోజూ తన సిగ్నళ్ల కింద బండి నడుపుతోంది. ఒక్కరున్నా ఉన్నట్టే కదా. ఎవరు, ఏమిటి అని ఫోను చేసి అడగాలని ఎన్నోసార్లు అనుకుని మానుకున్నాడు. అడిగితే ఆగిపోతుందేమోనని భయం.

ఈ పొద్దున కూడా వచ్చింది. నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయాడు. క్యాబిన్ మూడు రోజులుగా ఎవరికీ తెరుచుకోవడం లేదు. తెరుచుకోకపోతే ఆ పెట్టె రాదు. పెట్టె రాకుండా ఈమె ఎలా కొడుతోంది? ఆలోచించగా ఒకటే తోచింది. ఆట మారినా ఈమె మార్చుకోలేదు. కొత్త ముస్తాబులు వదులుకుని, తన క్యాబిన్ కోసం పాత ఆటనే అట్టిపెట్టుకుంది. అలా అనుకోగానే ఏలియా నోరు పుక్కిలించి, ఫోనులో ఆ పేరు మళ్లీ చూసుకున్నాడు. రమాకాంత్‌కు ఏ జవాబైనా చెప్పేముందు ఈ మనిషిని ఒకసారి చూడాలి అనుకున్నాడు. ఇలాంటి మనిషి నిజంగా ఉందంటే రెబెకాకు చెప్పుకోవడానికి మాట ఉంటుంది. ఇంకో ఏడాది ఓపిక పట్టమని అడగడానికి మొహం ఉంటుంది.

నాయకుడి తల మిషన్‌కు పంపించి, దుకాణం బయట మెట్ల మీద నిలబడి, డబ్బులొచ్చే నంబరుకు ఫోను చేశాడు.

"ఎవలు?" పెద్దావిడ గొంతు.

"యాకమ్మ గారేనా అమ్మా? నేను గా రైలు సిగ్నల్స్ సాఫ్ట్‌వేర్ చేసేటోన్ని. రోజు ఇరవై రూపాలు కొడ్తరు గదా మీరు..."

అవతల ఆమె బెదురుగా, "ఇయ్యాల గుడ కొట్టిన గద సారూ. రాలేదా?" అంది.

"వచ్చిందమ్మా, వచ్చింది. గదిగాదు. ఒక్కసారి మిమ్ముల కల్సి పోదామని."

"రైలోళ్లు ఇంటికొస్తాంటె వద్దంటమా. రాండ్రి. కాజీపేట డీజిల్ కాలనీ దాటినంక నీళ్ల ట్యాంకు ఎనక సందు. పాండురంగం డ్రైవర్ ఇల్లంటె ఎవలన్న చెప్తరు."

పాండురంగం డ్రైవర్. ఏలియా ఫోను జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు. అంటే భార్య ఫోనులోంచి డబ్బు కొడుతున్నది ఒక అసలు సిసలు రైలు డ్రైవర్. జీవితమంతా నిజం సిగ్నళ్లు చూసిన కళ్లు, ఇప్పుడు తను పెట్టిన సిగ్నళ్లు చూస్తున్నాయి. తండ్రి బతికి ఉంటే ఈ మాట ఆయనకు చెప్పుకునేవాడు. గంటలో వస్తానని రమాకాంత్‌కు చెప్పి, పాత స్కూటీ తీశాడు. సుబేదారి దాటి, ఫాతిమానగర్ వంతెన దిగాక, ఉత్త చేతులతో పోవడం బాగుండదని బండి ఆపి బత్తాయిలు కొన్నాడు. ఎండ మాడు పగలగొడుతోంది. అయినా ఒంట్లోకి ఏదో హుషారు వచ్చింది. ఆయన్ను ఏమేం అడగాలో వరసగా అనుకుంటూ పోయాడు. దీపం వెలుగు సరిపోతోందా? రాత్రి బండికి కనబడుతోందా? మలుపులో స్తంభం ఎటువైపు ఉండాలి?

చిన్న డాబా ఇల్లు. ముందు రేకుల వసారా, అందులో నీళ్లు లేని కూలరు. ఎక్కడో దగ్గర్లో గూడ్సు బండి డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు. యాకమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"రైలోళ్లంటె జర పెద్దోళ్లు వస్తరనుకున్న. రా బిడ్డా, లోపలికి రా. ఎండల వడి వచ్చినవ్."

చెంబుతో నీళ్లిచ్చింది. బత్తాయిలు తీసుకుని, ఎందుకివన్నీ అంటూనే లోపల పెట్టి వచ్చింది. ఏలియా గది నాలుగు మూలలా చూశాడు.

"సారు లేరా అమ్మా? బయటికి పోయిండ్రా?"

"ఏ సారు?" అంది ఆమె. "మా సారా? పోయిన బతుకమ్మ ముంగట పోయిండు గద బిడ్డా. మీ ఆఫీసుల తెల్వదా?"

మజ్జిగ తాగుతావా అన్నట్టే అంది ఆ మాట. ఏలియా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. బతుకమ్మ వెళ్లి ఎన్ని నెలలో లెక్క వేసుకోబోయి, మధ్యలో వదిలేశాడు.

"మరి పైసలు..." అన్నాడు ఎట్టకేలకు. "రోజు వస్తానయ్ గదమ్మా."

"నేనే కొడ్తాన" అంది యాకమ్మ. "ఆయనున్నప్పుడు గుడ నేనే కొట్టేది. ఆయనకు ఫోన్ల కండ్లు ఆనకపోతుండె. పొద్దుగాల ఛాయ్ తాగంగనె, 'యాకూ, అనుమతి తే' అనేది. కాయితం చేతికి రాంది బండి కదిలియ్యద్దు గద బిడ్డా. సర్వీసంత గట్లనే చేసిండు. స్టేషన్ మాస్టర్ కాయితం ఇయ్యాలె, డ్రైవర్ దస్కత్ పెట్టాలె, అటెంక బండి తియ్యాలె. మొదట్ల నేను కొట్లాడిన, ఇంట్ల ఆడే ఆటకు గుడ పైసలేందని. 'ఆట అయితేంది, లైన్ లైనే' అన్నడు. దవాఖానల పన్నప్పుడు గుడ గదే మాట. 'ఇరవై కొట్టుడు మర్వకు, మర్సినవంటె లైన్ బంద్ పెడ్తరు' అని."

ఆగి కొంగు సర్దుకుంది.

"నేను బంద్ చేస్తె ఆయన నడిపిన లైన్ పోతది గద. నాకు పింఛన్ వచ్చినన్ని దినాలు కొడ్త. ఇంకెవలన్న నడుపుకుంటానరు గద, బిడ్డా, గా లైన్ మీద?"

ఏలియా చెంబు కింద పెట్టాడు. సరదాకు రాసిన ఒక ముక్క. దాన్ని ఈ భూమ్మీద ఒకే ఒక్క మనిషి నమ్మాడు. ఆ మనిషి పోయాక ఆయన భార్య నమ్ముతోంది. ఇన్నాళ్లూ పొద్దున్నే ఫోను టింగుమంటే, ఎవరో తన బండి ఎక్కారని మురిసిపోయాడు. ఆయన పోయాక ఎక్కినవాళ్లు ఎవరూ లేరు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి అతనికి. ఆ సిగ్గు మీద, ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది. లోపలి గది వైపు చూసి, "ఆయన కంప్యూటర్ ఒకసారి చూడొచ్చానమ్మా?" అన్నాడు.

లోపలి గదిలో బల్ల మీద కంప్యూటర్, దాని మీద దుప్పటి. ముందు చేతుల కుర్చీ. దాని కుడి పక్కన చిన్న స్టూలు. ఆమె దుప్పటి తీసి మడతపెట్టింది. పాత మిషన్, తెరుచుకోవడానికి చాలాసేపు తీసుకుంది. ఆయన పోయాక నెట్ తీయించేశారట. అందుకని ఆట మారనే లేదు. ఏలియా కుర్చీలో కూర్చుని, క్యాబిన్ బొమ్మ మీద నొక్కాడు. తెరుచుకుంది. మూడు రోజులుగా ఏ కంప్యూటర్లోనూ తెరుచుకోని క్యాబిన్, తన సొంత కంప్యూటర్లో కూడా తెరుచుకోని క్యాబిన్, ఇక్కడ చక్కగా తెరుచుకుని పెట్టె చూపించింది. బండి బయలుదేరుటకు అనుమతి.

అతను 'తర్వాత' నొక్కబోయాడు.

"ఆగాగు" అంది యాకమ్మ. "గట్లెట్ల తీస్తవ్ బండి?"

"పొద్దుగాల కొట్టిండ్రు గదమ్మా. మళ్ల వద్దు."

"గది పొద్దుగాలది. బండి తీస్తె మళ్ల తియ్యాలె. ఆయనైతె ఒప్పుకోడు."

అతను వద్దంటున్నా వినకుండా ఫోను తెచ్చి, కళ్లు చికిలించి, ఒక్కో అంకె నొక్కింది. ఏలియా చొక్కా జేబులో ఫోను టింగుమంది. రోజూ పొద్దున వినే చప్పుడే. యాకమ్మ అతని జేబు వంక చూసింది.

"నీకేదో వచ్చినట్టుంది బిడ్డా."

"ఏం లేదమ్మా" అన్నాడు ఏలియా. ఆ క్షణాన భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

చివరిసారి ఆపిన చోటి నుంచి మొదలుపెట్టాలా అని ఆట అడిగింది. సరేనన్నాడు. తెర మీద గూడ్సు బండి ఒకటి నిలబడి కనబడింది. పెండ్యాల దాటి వచ్చింది, కాజీపేట ఇంకాస్త దూరంలో ఉంది. ఎదురుగా స్టేషన్ లోపలికి దారి ఇచ్చే హోమ్ సిగ్నల్. యాకమ్మ స్టూలు మీద కూర్చుని, అలవాటైన గొంతుతో, "రెడ్" అంది.

ఏలియా ఆమె వైపు చూశాడు.

"ఆయన పైకి చెప్తె నేను మళ్ల చెప్పాలె" అంది ఆమె. "ఇంజన్ల ఇద్దరుంటరు గద. సిగ్నల్ కనవడంగనె డ్రైవర్ అనాలె, అసిస్టెంట్ మళ్ల అనాలె. రిటైరైనంక అసిస్టెంట్ ఏడికెల్లొస్తడు? నేనే. చిక్కుడుకాయ తెంపుకుంట ఈడ్నే కూసుంటుండె. వంటింట్ల ఉంటె ఆడికెల్లే అంటుండె. ఎల్లో అంటె ఎల్లో, డబుల్ ఎల్లో అంటె డబుల్ ఎల్లో."

ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. ఎర్ర దీపం అలాగే ఉంది. కొంతసేపయ్యాక ఏలియాకు అనుమానం వచ్చింది.

"ఎంతసేపుంటది ఇది?"

"ఎంతసేపైనా ఉంటది. మనకు లైన్ ఇయ్యరు గదా."

"అంటే?"

"రోజూ ఈడ్నే ఆగుతది బిడ్డా. రఘునాథపల్లిల తీస్తడు, గన్‌పూర్ దాటుతడు, పెండ్యాల దాటుతడు, ఈడికొచ్చి ఆగుతడు. ఛాయ్ తాగుతడు. గంట చూస్తడు, రెండు గంటలు చూస్తడు. 'ఇయ్యాల గుడ ఇయ్యలే యాకూ' అనుకుంట బంద్ చేస్తడు. మళ్ల తెల్లారి రఘునాథపల్లిల తీస్తడు."

"ఒక్కసారి గూడ స్టేషన్ల పోలేదా?"

"ఎన్నడు పోలే. గూడ్సోని బతుకు గంతే గద. సర్వీసుల ఉన్నప్పుడు గుడ మనూరి ముంగటికొచ్చి పూటపూట నిలవడ్డ దినాలున్నయ్. ఇల్లు కనవడ్తనే ఉంటదట, దిగొద్దు. ఆఖరు దినం గుడ బండి ఈడ్నే వెట్టి దవాఖానకు పోయిండు."

ఏలియా కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అతనికి విషయం అర్థమైపోయింది. అది రైల్వే ఆపడం కాదు, తన తప్పు. క్యాబిన్‌లో ఈ సిగ్నల్ దగ్గర ఎప్పుడో నిద్రమత్తులో ఒక అంకె తప్పు కొట్టాడు. లేని స్టేషన్ నుంచి జవాబు కోసం ఈ దీపం కాచుకుని ఉంది, ఎన్నేళ్లయినా ఇలాగే ఉంటుంది. గుంపులో ఎవరూ చెప్పలేదేమంటే, వాళ్లకు రెడ్ ఒక అడ్డం కాదు. ఒక మీట నొక్కితే రెడ్ దాటనిచ్చే వెసులుబాటు ఆటలోనే ఉంది. అందరూ నొక్కి దాటిపోయారు. తను కూడా ఏనాడూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బండి నడిపి చూడలేదు. టైమెక్కడిది? దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసుకుని మూసేసేవాడు. పాండురంగం ఒక్కడే ఆగాడు. రెడ్ ఉంది కాబట్టి ఆగాడు, లైను ఇవ్వలేదు కాబట్టి కాచుకున్నాడు, ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు.

తప్పు నాదేనమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఎదురుగా ఆమె ముఖంలో ఏ ఫిర్యాదూ లేదు. ఆయన కాచుకున్నదంతా ఉత్తదే అని ఇప్పుడు చెప్పి ఏం సాధించాలి? మాట మింగేశాడు.

"జరంత సేపు పడ్తదమ్మా. లైన్ ఇప్పిస్త" అన్నాడు.

ఆమె ఛాయ్ పెట్టడానికి లేచింది. ఏలియా క్యాబిన్ లోపలి పుటలు తెరిచి, కాజీపేట హోమ్ సిగ్నల్ వెతికి పట్టుకుని, ఏడు తీసి నాలుగు పెట్టాడు. అంతే పని. ఒక్క అంకె. ఆమె ఛాయ్ తెచ్చేసరికి అతను ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆమె స్టూలు మీద కూర్చున్నాక సిగ్నళ్లను మళ్లీ లేపాడు. ఎర్ర దీపం ఆరింది. ఒక క్షణం ఏదీ లేదు. తర్వాత పసుపు దీపం వెలిగింది.

యాకమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"ఎల్లో" అంది. మళ్లీ గట్టిగా అంది. "ఎల్లో. పక్క పట్టాల మీదికి, లూప్ లైన్‌ల తీసుకుంటానరు."

"నడుపుతరా అమ్మా?"

"నాకు రాదు. నువ్వే తియ్యి. మెల్లగ తియ్యి, ఎనక మస్తు బరువుంటది."

అతను మెల్లగానే తీశాడు. సిగ్నళ్లు పెట్టాడు గానీ ఏలియాకు బండి నడపడం అంతంతమాత్రం. చెక్కిళ్ల మీదుగా చెమట కారుతుంటే, తెర మీంచి చూపు తిప్పకుండా, ఆమె మెల్లగ అన్నప్పుడల్లా బ్రేకు వేస్తూ, హోమ్ సిగ్నల్ దాటించి, పట్టాలు మారుతుంటే డబ్బాలు ఒక్కొక్కటే వంగి వస్తుండగా, కాజీపేట లోపలికి తెచ్చాడు. మూడు భాషల్లో ఊరి పేరు రాసిన పసుపు పలక పక్కనుంచి పోయింది. ఎదుటి రెడ్‌కు చాలా ముందే బండి ఆగింది.

యాకమ్మ కళ్లనీళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"ఇగ దిగొచ్చు ఆయన" అంది.

ఏలియా తల వంచుకున్నాడు. దుఃఖం అతనికీ వచ్చింది. ఎవరి కోసమో తేల్చుకోలేకపోయాడు. ఇక్కడికి వచ్చాక తను చెప్పగలిగిన నిజం ఇదొక్కటే అన్నట్టు చెప్పాడు.

"అమ్మా, ఇగ రేపటి సంది పైసలు కొట్టద్దు. అనుమతి బండి బయలెల్లేటందుకే. చేరిన బండికి అక్కరలేదు."

ఆమె ఆలోచించింది. లోపం ఎక్కడైనా ఉందేమోనని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టుంది.

"అవు గద" అంది చివరికి. "చేరినంక ఎందుకు."

ఇన్నాళ్లు కొట్టిన సొమ్ము తిరిగి ఇచ్చేస్తానని అనబోయాడు ఏలియా. కానీ ఆమె ఇచ్చింది అతనికి కాదు, పాండురంగం నడిపిన లైనుకు. తిరిగి ఇస్తానంటే అంతా విప్పి చెప్పాలి. ఊరుకున్నాడు.

వసారాలోకి వచ్చి చెప్పులేసుకుంటూ రమాకాంత్‌కు ఫోను చేశాడు. మిషన్ హోరులో అటునుంచి సగం మాటలే వినబడ్డాయి.

"సేటూ, గా మరిపెడ పిలగాన్ని వద్దను. రేపటి సంది రాత్రి మిషన్ నేను చూస్కుంట."

"సచ్చిపోయినోని లెక్క మాట్లాడ్తానవేందన్నా? ఏమైంది?"

"ఏం గాలే. వస్తాన."

రెబెకాకు ఫోను చెయ్యలేదు. రాత్రి డ్యూటీ చేసినందుకు ఈ పగలు సెలవు, పడుకుని ఉంటుంది. లేపడం ఎందుకు, సాయంత్రం చెప్పొచ్చు అనుకున్నాడు. గుంపుకు కూడా ఒక ముక్క రాయాలి. క్యాబిన్ ఇక లేదని, ఎవరైనా తీసుకుని నడుపుకుంటే నడుపుకోవచ్చని. పది దండాలు వస్తాయి. ఎవరో ఒకరు రెక్కల సిగ్నళ్ల సంగతి అడుగుతారు. రాయడానికి ఇప్పుడు ఓపిక లేదు. ఒళ్లంతా పచ్చి పుండులా ఉంది, కానీ తేలికగా కూడా ఉంది. రెండూ నిజమే.

పోయొస్తానని చెప్పడానికి మళ్లీ లోపలి గది గుమ్మం దాకా వెళ్లాడు. కంప్యూటర్ బంద్ చెయ్యాలా అని అడిగాడు. "ఉండనియ్, జరసేపు ఉండనియ్" అంది యాకమ్మ. దుప్పటి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీదే కూర్చుంది. ఖాళీగా ఉన్న చేతుల కుర్చీ ముందు కీబోర్డు ఉంది. నడుపుతున్నంతసేపూ తెర మీదే కళ్లు పెట్టుకుని అతను దాన్ని చూడనే లేదు. మీటల మీది అక్షరాలన్నీ కొన్ననాటిలా తెల్లగా మెరుస్తున్నాయి. బ్రేకు మీట మీద మాత్రం అక్షరం పూర్తిగా అరిగిపోయి, బొటనవేలంత గుంట పడి, నున్నగా ఉంది.